సైన్స్ శిబిరం: అందరికీ ఒకే జవాబు రాని రోజు

సైన్స్ శిబిరాలు మన దేశంలో కొత్త కాదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2008లో మొదలుపెట్టిన ఇన్‌స్పైర్ పథకం కింద, పదో తరగతిలో తమ బోర్డులో పై ఒక శాతంలో నిలిచి పదకొండులో సైన్స్ తీసుకున్న విద్యార్థులకు ఐదు రోజుల శిబిరాలు జరుగుతున్నాయి. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణంలో పల్లెటూరి బడి పిల్లలు చేతులతో ప్రయోగాలు చేస్తారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలని చెప్పింది. అంటే తరగతి గది బయట గడిపే రోజులు కాగితం మీదైనా పెరుగుతున్నాయి. అయితే ఆ రోజున ఏం చేస్తారన్నదే అసలు సంగతి.

పొద్దున ప్రారంభోత్సవం, ఆ తర్వాత మూడు ఉపన్యాసాలు, మధ్యాహ్నం ప్రొజెక్టర్ మీద బొమ్మలు, సాయంత్రం గ్రూప్ ఫొటో. ఇలాంటి రోజును కూడా శిబిరం అనే అంటున్నారు. పిల్లలు అలసిపోతారు, సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. బడిలో జరగనిది ఏదీ అక్కడా జరగదు. మన బళ్లలో ప్రయోగాల రికార్డు ఎలా తయారవుతుందో చదువుకున్న వారందరికీ తెలుసు. జవాబు ముందే తెలుసు, రీడింగులు దానికి తగ్గట్టు రాస్తాం. లోలకం ప్రయోగంలో ప్రతి విద్యార్థికీ 9.8 వచ్చి తీరుతుంది. ఎమ్మెస్సీ దాకా ఈ అలవాటు పోని వాళ్లను నేను చాలామందిని చూశాను.

శిబిరంలో ఒక్క రోజును ఇంకోలా గడిపితే ఎలా ఉంటుందో చూడటానికి, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వెంట వెళ్దాం. ఆమెది నిజామాబాద్ పక్కన ఒక ఊరు అనుకోండి. చోటు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు, అంటే మూసీ నది పుట్టే చోటు. తేదీ డిసెంబరు 22. పిల్లలు ఊహలోని వారే కానీ కింద వచ్చే నీడల పొడవులు, వేళలు, కోణాలు ఆ చోటుకు, ఆ తేదీకి లెక్కగట్టినవి. కావాల్సిన సామాను కర్రలు, దారం, దూది, స్టీలు పళ్లేలు, కోణమానిని, ఐదు థర్మామీటర్లు. థర్మామీటర్లు తప్ప మిగతావన్నీ ఏ ఊళ్లోనైనా దొరికేవే.

పొద్దున ఆరు: మంచు కురుస్తుందా?

సూర్యుడు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. పిల్లలు ముడుచుకుని నిలబడ్డారు. మొదటి పని చలి కొలవడం కాదు, థర్మామీటర్లను కొలవడం. ఐదింటినీ ఒకే బకెట్ నీళ్లలో ముంచి ఐదు నిమిషాలు ఆగి చూస్తే, అవి ఒకే అంకె చూపించవు. అరడిగ్రీ, కొన్నిసార్లు ఒక డిగ్రీ తేడా మామూలే.

"ఏది కరెక్టు సార్?"

"ఏది కరెక్టో నాకూ తెలియదమ్మా. ఏది ఎంత ఎక్కువ చూపిస్తుందో, ఎంత తక్కువ చూపిస్తుందో మాత్రం రాసుకో."

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. భారత వాతావరణ శాఖలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త అన్నా మణి తన వృత్తి జీవితంలో పెద్ద భాగం ఈ పనికే వెచ్చించారు. దేశంలోని వాతావరణ కేంద్రాల్లో వాడే దాదాపు వంద రకాల పరికరాల నమూనాలను ఆమె ప్రామాణీకరించారు. ఒక ఊరి థర్మామీటరు మరో ఊరి థర్మామీటరుతో సరిపోలకపోతే దేశపు ఉష్ణోగ్రతల పటానికి అర్థమే ఉండదు.

తర్వాత ఆ అమ్మాయి తన థర్మామీటరును గడ్డి దగ్గర ఒకసారి, తల ఎత్తులో ఒకసారి పెట్టి చూస్తుంది. మబ్బులేని, గాలి లేని రాత్రి గడిచాక గడ్డి దగ్గర రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. ఎత్తుకు పోయే కొద్దీ చల్లబడుతుందని పుస్తకంలో చదువుకున్న పిల్లకు ఇక్కడ తిరగబడినట్టు కనిపిస్తుంది. రాత్రంతా నేల, గడ్డి తమ వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి వదిలేస్తాయి. ఆకాశం నుంచి తిరిగొచ్చే వేడి చాలా తక్కువ. అందుకే గడ్డిపోచ చుట్టూ ఉన్న గాలి కంటే గడ్డిపోచే ముందు చల్లబడుతుంది. దాని ఉష్ణోగ్రత తుషార స్థానం కిందికి దిగితే గాలిలోని ఆవిరి దానిమీద నీరవుతుంది.

మనం మంచు కురిసింది అంటాం. నిజంగా కురిసేదైతే వానలా పైనుంచి రావాలి. ముందు రోజు రాత్రి పిల్లలు సమానమైన దూది ముక్కలు కొన్ని బయట పెట్టారు. కొన్నింటిని ఆరుబయట గడ్డి మీద, కొన్నింటిని రాళ్లపై బోర్లించిన పళ్లెం కింద, మరికొన్నింటిని చెట్టు కింద ఉంచారు. పొద్దున వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడలో తూస్తే ఆరుబయట ఉన్న దూది బరువెక్కింది. పళ్లెం కింద ఉన్నది దాదాపు అలాగే ఉంది. ఇక్కడిదాకా కురుస్తుంది అన్నవాళ్ల వాదన కూడా నిలుస్తుంది, పళ్లెం అడ్డుకుంది కదా. అయితే నేలకు ఒక అడుగు ఎత్తులో కట్టిన చెక్కపలక పైన ఒక దూది ముక్క, పక్కన ఆరుబయట నేలమీద ఒకటి పెట్టి రెండూ తూచినప్పుడు తేడా వస్తే? కురిసేదైతే రెండింటి మీదా సమానంగా పడాలి. లండన్‌లో వైద్యుడిగా పనిచేసిన విలియం చార్లెస్ వెల్స్ ఇలా ఉన్ని పోగులు తూచి తూచి 1814లో మంచు బిందువుల మీద ఒక పుస్తకం ప్రచురించారు. చెట్టు కింద గడ్డి పొడిగా ఎందుకు ఉంటుందో కూడా అందులో వివరణ ఉంది. కొమ్మలు ఆకాశాన్ని కప్పేస్తాయి, గడ్డి వదిలిన వేడికి బదులుగా తమ వేడిని కొంత తిరిగి ఇస్తాయి. గడ్డి తగినంత చల్లబడదు.

అంతా సరిపోయింది అనుకుంటున్నప్పుడు ఈ అమ్మాయి పళ్లెం ఎత్తి చూసి పిలుస్తుంది. పళ్లెం కింద గడ్డిపోచల కొసలమీద ఒక్కొక్కటిగా పెద్ద నీటి బొట్లు ఉన్నాయి. మంచు బిందువులు ఆకంతా సన్నగా పరుచుకుంటాయి. ఇవి మాత్రం కొసనే, దండలో గుచ్చినట్టు, ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఇది మంచు కాదు. నిన్న సాయంత్రం తోటకు నీళ్లు పెట్టిన వైపు గడ్డి అది. వేర్లు రాత్రంతా నీటిని పైకి నెడుతూనే ఉంటాయి, చల్లని తేమగాలిలో ఆకుల నుంచి ఆవిరి పెద్దగా పోదు, మిగిలిన నీరు ఆకు కొసల్లోని సన్న రంధ్రాల నుంచి బొట్టుగా బయటికి వస్తుంది. జీవశాస్త్రంలో దీన్ని బిందుస్రావం అంటారు. పొద్దున్నే గడ్డిమీద మెరిసే నీరంతా మంచే అనుకున్న వాళ్లకు అందులో కొంత మొక్క లోపలి నుంచి వచ్చిందని తెలియడం నాకైతే ఉపన్యాసం కంటే విలువైనదిగా అనిపిస్తుంది.

ఏడు దాటాక పక్షుల నడక. పదిహేను నిమిషాలు కదలకుండా ఒకచోట నిలబడి, చూసినవి విన్నవి రాయడం. బుల్‌బుల్‌లు, గువ్వలు, దూరంగా నెమలి. పేరు తెలియని వాటికి బొమ్మ వేసుకోమంటారు. ఆ తర్వాత ఉప్మా.

పదిన్నర: ఒక కర్ర, కర్రంత తాడు

రోజులో ఎక్కువసేపు పట్టే పని ఇది. చదునైన నేల చూసి, సరిగ్గా ఒక మీటరు కర్రను నిలువుగా పాతారు. నిలువుగా ఉందో లేదో దారానికి కట్టిన రాయి చెబుతుంది. తర్వాత కర్రంత పొడవున్న తాడుతో, కర్ర మొదలు కేంద్రంగా నేలమీద ఒక వృత్తం గీశారు. అంటే వ్యాసార్ధం కూడా ఒక మీటరే.

మన పాత జ్యోతిశ్శాస్త్ర గ్రంథాలలో ఈ కర్రను శంకువు అంటారు. దిక్కులు తెలుసుకోవడానికి సూర్య సిద్ధాంతంలో చెప్పిన పద్ధతి ఇదే. పొద్దున నీడ పొడవుగా ఉండి క్రమంగా కుంచించుకుంటూ వృత్తం లోపలికి వస్తుంది. నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు పెట్టాలి. మధ్యాహ్నం తిరిగి పెరిగి వృత్తం దాటి బయటికి పోయేటప్పుడు తాకిన చోట ఇంకో గుర్తు పెట్టాలి. రెండు గుర్తులనూ కలిపితే అది తూర్పు పడమర గీత. కర్ర మొదలు నుంచి దానికి లంబంగా గీస్తే ఉత్తరం దొరుకుతుంది.

డిసెంబరు 22న అనంతగిరిలో మొదటి తాకిడి సుమారు 10 గంటల 59 నిమిషాలకు. ఆ క్షణంలో నీడ కర్రంత ఉంది, అంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. అక్కడి నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ పొడవు కొలుస్తూ పోవాలి. సూర్యుణ్ని మాత్రం నేరుగా చూడకూడదు, ఆ మాట రోజంతా గుర్తుచేస్తూనే ఉండాలి.

పన్నెండుకు అందరూ కర్ర చుట్టూ గుమిగూడతారు, ఇప్పుడే నీడ అన్నింటికంటే పొట్టిగా ఉండాలని. పన్నెండు దాటినా నీడ తగ్గుతూనే ఉంది. పన్నెండుంబావు అయింది. అప్పుడూ ఎవరూ ఇదే చివరిది అని చెప్పలేకపోయారు. ఇక్కడ రెండు సంగతులున్నాయి. ఒకటి, మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం. ఆ రేఖ మన దగ్గర కాకినాడ సమీపం నుంచి వెళ్తుంది. వికారాబాద్ దానికి నాలుగున్నర డిగ్రీలకు పైగా పడమర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి ఇక్కడ నడి మధ్యాహ్నం దాదాపు పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం. భూకక్ష్య, భూమి అక్షం వంపు వల్ల వచ్చే చిన్న సవరణ కలిపితే ఆ రోజుకు సుమారు 12 గంటల 17 నిమిషాలు.

రెండోది, నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు దాని పొడవు దాదాపు మారదు. నడి మధ్యాహ్నానికి అటూ ఇటూ పది నిమిషాల్లో వచ్చే తేడా రెండు మిల్లీమీటర్లు. నేలమీద సుద్దతో గుర్తు పెట్టేవాళ్లకు అది దొరకదు. అందుకే వృత్తం. కొసను వృత్తం దగ్గర పట్టుకుంటే, అక్కడ నీడ నిమిషానికి మూడు మిల్లీమీటర్లకు పైగా మారుతుంది. రెండో తాకిడి వేళ కూడా రాసుకుని, రెండింటికీ సరిగ్గా మధ్య వేళ తీస్తే నడి మధ్యాహ్నం దానంతటదే వస్తుంది.

చిక్కేమిటంటే రెండో తాకిడి ఒంటిగంటా ముప్పై ఐదు నిమిషాలకు. భోజనం గంట ఒంటిగంటకే కొడతారు. నా ఉద్దేశంలో ఒక శిబిరం మంచిదో కాదో తేలేది ఇక్కడే. గంట కొట్టగానే అందరినీ వరుసలో నిలబెట్టి తీసుకెళ్తే, రెండున్నర గంటల పని సగంలో ఆగిపోతుంది. ఈ అమ్మాయి, ఇంకో ముగ్గురు అక్కడే ఉండిపోతారు. వాళ్లకు పళ్లేలు అక్కడికే పంపించారు.

86 సెంటీమీటర్ల గొడవ

నడి మధ్యాహ్నం నీడ ఎంత? ఐదు బృందాలు ఐదు అంకెలు చెప్పాయి. 85.5, 87, 86, 86.8, 85.9. ఎవరిది తప్పు?

"నువ్వు వంగి చూసినవ్, అందుకే ఎక్కువొచ్చింది."

"నేను కాదే, నీదే కొస కనబడలే."

రెండో అమ్మాయి మాటే దగ్గర. నీడకు పదునైన కొస లేదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అరడిగ్రీ వెడల్పున్న పళ్లెం. కర్ర కొస ఆ పళ్లాన్ని పూర్తిగా కప్పిన చోట నేలమీద చీకటి, సగమే కప్పిన చోట మసక. ఈ మసక భాగాన్ని ఉపచ్ఛాయ అంటారు. మీటరు కర్రకు, ఆ వేళ సూర్యుడున్న ఎత్తులో, నేలమీద దాని వెడల్పు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు. అందులో ఎక్కడ వేలు పెట్టాలన్నది చూసేవారి ఇష్టం. ఐదుగురి అంకెలూ ఆ ఒకటిన్నర సెంటీమీటరులోనే ఉన్నాయి. ఎవరూ తప్పు చేయలేదు.

పెద్ద కర్ర పాతితే బాగుంటుందా అని ఎవరో ఒకరు అడుగుతారు. కర్ర పెరిగితే నీడా పెరుగుతుంది, దానితోపాటు మసక కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. జైపూర్ జంతర్ మంతర్‌లో 27 మీటర్ల ఎత్తున్న సమ్రాట్ యంత్రానికీ ఈ బాధ తప్పలేదు. దాని కొలబద్ద మీద రెండు సెకన్ల గీతలు చెక్కి ఉన్నాయి, నీడ అంచు మసక మాత్రం ఆ గీతల కంటే ఎంతో వెడల్పు.

దారి వేరే ఉంది. కర్ర తలమీద చిన్న రంధ్రం చేసిన అట్టముక్క పెడితే, నేలమీద నీడ మధ్యలో ఒక వెలుగు మచ్చ పడుతుంది. అది రంధ్రం ఆకారంలో కాక గుండ్రంగా ఉంటుంది, ఎందుకంటే అది సూర్యుడి ప్రతిబింబం. చెట్టు కింద నేలమీద కనిపించే గుండ్రటి వెలుగు మచ్చలూ అవే. వృత్తం మధ్య బిందువును గుర్తుపట్టడం మసక అంచును గుర్తుపట్టడం కంటే చాలా తేలిక. మర్నాడు మళ్లీ కొలిచినప్పుడు ఐదు బృందాల మధ్య తేడా కొన్ని మిల్లీమీటర్లకు దిగింది. డిసెంబరు 22 ప్రాంతంలో రోజుకూ రోజుకూ నడి మధ్యాహ్నపు నీడ దాదాపు మారదు కాబట్టి రెండు రోజుల అంకెలనూ పోల్చవచ్చు. లెక్క ప్రకారం రావాల్సింది 86.2.

వృత్తం పద్ధతికి ఉన్న మరో మంచి గుణం ఇక్కడ అర్థమవుతుంది. పొద్దున తాకిడిలోనూ, మధ్యాహ్నం తాకిడిలోనూ మసక ఒకేలా ఉంటుంది. ఒకే మనిషి రెండుసార్లూ ఒకే రకంగా చూస్తే, ఆ పొరపాటు మధ్య వేళ తీసేటప్పుడు కొట్టుకుపోతుంది.

ఒక సెంటీమీటరు కోసం ఇంత పట్టింపు ఎందుకు? బెంగళూరు వికారాబాద్‌కు దాదాపు అదే రేఖాంశంలో, సుమారు 485 కిలోమీటర్లు దక్షిణాన ఉంది. అక్కడ మరో బడి పిల్లలు అదే రోజు అదే పని చేసి ఫోన్‌లో అంకె చెబితే అది 73.7 సెంటీమీటర్లు ఉండాలి. తొమ్మిదో తరగతికి త్రికోణమితి రాదు కాబట్టి, కాగితం మీద స్కేలుకు త్రిభుజాలు గీసి కోణమానినితో చూస్తారు. ఇక్కడ 40.8 డిగ్రీలు, అక్కడ 36.4. తేడా 4.4. భూమి మీద 485 కిలోమీటర్లకు 4.4 డిగ్రీలైతే 360 డిగ్రీలకు ఎంత? దాదాపు 39,700 కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత సుమారు 40,000. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసిన లెక్క ఇదే. ఆయనకు రెండు ఊళ్ల మధ్య దొరికిన తేడా వృత్తంలో యాభయ్యో వంతు.

ఇప్పుడు 86.2 బదులు 87.2 అని రాసుకున్నారనుకోండి. భూమి చుట్టుకొలత 37 వేలకు పడిపోతుంది. నేలమీద ఒక్క సెంటీమీటరు భూమికి రెండున్నర వేల కిలోమీటర్లు కోసేస్తుంది. పొద్దున బకెట్‌లో థర్మామీటర్లు ఎందుకు ముంచారో కొందరికి అప్పుడు తోచి ఉండవచ్చు.

రెండున్నర: గరిక ఎన్ని మొక్కలు?

మధ్యాహ్నం అడవి. ఇక్కడివి ఆకురాల్చే అడవులు, డిసెంబరుకు టేకు ఆకులు ఎండి కింద పరుచుకుంటాయి. అందరూ బూట్లు వేసుకుని, కర్రతో ముందు తట్టుకుంటూ నడవాలి. ప్రతి బృందానికీ నాలుగు మీటర్ల తాడు. దాన్ని నాలుగు మేకులకు చుట్టి ఒక చదరపు మీటరు గళ్లు చేస్తారు. లోపల ఎన్ని మొక్కలున్నాయో, ఎన్ని రకాలో లెక్కపెట్టాలి.

మొదటి పేచీ ఐదు నిమిషాల్లో వచ్చింది. గరిక. నేలమీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. అది ఒక మొక్కా, పదిహేనా? మట్టి కదిపితే అన్నీ ఒకే కాడతో కలిసి ఉన్నాయి. కాడ తెగితే ఏ ముక్కకాముక్క బతుకుతుంది. పుస్తకంలో దీనికి తయారు జవాబు లేదు. ఏదో ఒక నియమం ముందే పెట్టుకుని అందరూ దాన్నే పాటించాలి. వీళ్లు నేల నుంచి విడిగా లేచిన ప్రతి పిలకనూ ఒకటిగా లెక్కించాలని నిర్ణయించుకున్నారు, ఆ సంగతి పుస్తకంలో పైన రాసుకున్నారు.

లెక్కలు తేలాక అంకెల మధ్య ఉన్న తేడా నీడల తేడా లాంటిది కాదు. కాలిబాట అంచున గీసిన గడిలో వయ్యారిభామ మొక్కలే ఎక్కువ. పాతిక అడుగులు లోపలికి వెళ్లినవారి గడిలో అది ఒక్కటీ లేదు, తునికి పిలకలు, పేరు తెలియని తీగలు ఉన్నాయి. మూడో బృందం గడిలో చెదపుట్ట అంచు వచ్చింది, అక్కడ దాదాపు ఏమీ మొలవలేదు. సగటు తీయబోయిన అబ్బాయిని ఆపాల్సి వచ్చింది. నీడ ఒక్కటే, ఐదుగురూ దాన్నే చూశారు కాబట్టి అక్కడ సగటుకు అర్థం ఉంది. ఇక్కడ ఐదు గళ్లూ ఐదు వేర్వేరు చోట్లు. తేడా కొలిచేవారిలో లేదు, అడవిలోనే ఉంది. దాన్ని సగటులో కలిపేస్తే చెప్పాల్సిన కథే పోతుంది.

వయ్యారిభామ మనది కాదు. అమెరికా ఖండాల మొక్క, మన దేశంలో 1950ల నుంచి వ్యాపించింది. మనుషులు, పశువులు, బండ్లు తిరిగే చోట దాని గింజలు వెళ్తాయి. బాట అంచునే ఎందుకు ఉందో పిల్లలు తమంతట తామే చెప్పగలిగారు. దాన్ని చేతితో పీకవద్దని చెప్పాలి, చాలామందికి చర్మం దురద పెడుతుంది.

రాత్రి ఏడున్నర: మళ్లీ అదే అంకె

వృత్తం మీద మధ్యాహ్నం గీసిన ఉత్తరపు గీత ఇంకా చెరగలేదు. ఆ గీత వెంట నిలబడి ఎదురుగా పైకి చూస్తే, పెద్దగా వెలుగు లేని ఒక నక్షత్రం ఒంటరిగా కనిపిస్తుంది. డిసెంబరు సాయంత్రం సప్తర్షులు కిందికి దిగిపోయి ఉంటాయి, వాటితో ధ్రువ నక్షత్రాన్ని వెతకడం కుదరదు. దాని పైభాగాన ఇంగ్లిష్ ఎం అక్షరంలా శర్మిష్ఠ ఉంటుంది. తూర్పున గొల్లకావడి అప్పుడే పైకి వస్తోంది, దానికి పైన పిల్లలకోడి. ఈ పేర్లు తాతయ్యల దగ్గర విన్నవాళ్లు బృందంలో ఇద్దరున్నారు. ముందు పేర్లు వాళ్లే చెప్పారు.

కోణమాన���నికి దారం, రాయి కట్టి, దాని అంచు వెంట ధ్రువ నక్షత్రాన్ని చూస్తే అది క్షితిజం నుంచి ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. చేతులు వణుకుతాయి, చీకట్లో అంకె కనబడదు, దారం ఊగుతుంది. 16, 19, 17, 20, 18. ఒకే నక్షత్రాన్ని ఐదుగురు చూశారు కాబట్టి ఇక్కడ సగటు తీయవచ్చు. 18 వచ్చింది.

ఆ అమ్మాయి మధ్యాహ్నపు పుట తిప్పింది. డిసెంబరు 22న సూర్యుడు మకర రేఖ మీద ఉంటాడు, అంటే భూమధ్యరేఖకు 23.4 డిగ్రీలు దక్షిణాన. మధ్యాహ్నం నడినెత్తి నుంచి సూర్యుడి దూరం 40.8 డిగ్రీలు అని త్రిభుజం చెప్పింది. అందులోంచి 23.4 తీసేస్తే 17.4. అది వీళ్లు నిలబడిన చోటు అక్షాంశం. ధ్రువ నక్షత్రం ఎత్తు కూడా చూసేవారి అక్షాంశానికే దాదాపు సమానం. ఒకటి పగలు సూర్యుడి నుంచి, ఒకటి రాత్రి నక్షత్రం నుంచి. ఒకటి కర్రతో, ఇంకొకటి పళ్లెమంత కోణమానినితో. రెండూ ఒకే చోటికి వచ్చాయి.

పూర్తిగా ఒకే చోటికి కాదు. ఆరు పదుల నిమిషాల్లో ముప్పై ఆరు, అంటే 0.6 డిగ్రీ తేడా మిగిలింది. చేతి వణుకు అంతకంటే ఎక్కువే కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అయితే ధ్రువ నక్షత్రం ఆకాశ ధ్రువం మీద సరిగ్గా లేదు, అరడిగ్రీకి పైగా పక్కన ఉంటూ దాని చుట్టూ తిరుగుతుంది. డిసెంబరు సాయంత్రం ఆ వేళకు ధ్రువానికి పైవైపు ఉంటుంది. మంచి పరికరంతో కొలిచినా ఆ రాత్రి 17.9 దగ్గర రావాలి. ఇది చెప్పాక పిల్లల్లో ఒకరు, అయితే తెల్లవారుజామున కొలిస్తే తక్కువ రావాలి కదా అన్నారు. అవును, రావాలి. ఐదింటికి లేవడానికి ముగ్గురు పేర్లు ఇచ్చారు.

ఇంటికి వెళ్లాక

శిబిరం అయిపోయాక ఏమవుతుందన్నది ఎక్కువ శిబిరాలు ఆలోచించని విషయం. బడిలో మళ్లీ అదే రికార్డు పుస్తకం ఉంటుంది. కాబట్టి పిల్లల చేతికి సర్టిఫికెట్‌తో పాటు, ఇంటి దగ్గర కొనసాగించగల ఒక పని కూడా ఇచ్చి పంపాలి. సీజన్‌వాచ్ అనే పౌర విజ్ఞాన కార్యక్రమంలో బడి ఆవరణలోని ఒక వేప చెట్టునో మామిడి చెట్టునో ఎంచుకుని, వారానికోసారి లేత ఆకులు, పూత, కాయలు ఎంత ఉన్నాయో నమోదు చేయవచ్చు. కేరళలో బడి పిల్లలు ఇందులో పెద్ద సంఖ్యలో పాల్గొంటున్నారు. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పక్షుల గణనకు, శిబిరంలో పొద్దున నిలబడినట్టు పదిహేను నిమిషాలు నిలబడితే చాలు.

ఈ అమ్మాయి తన పుస్తకం చివరి పుటలో వేరే పని రాసుకుంది. సూర్యుడు రోజూ పన్నెండింటికి నడినెత్తిన ఉంటాడని అనుకునేవాళ్లకు, మీటరు కర్రకు 86 సెంటీమీటర్ల నీడ ఆ రోజు జవాబు చెప్పింది. మకర, కర్కట రేఖల మధ్య ఉన్న ఏ ఊళ్లోనైనా సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ వేళ నిలువు కర్రకు నీడ ఉండదు. తిరుపతిలో అది ఏప్రిల్ చివరి వారంలోనే వస్తుంది. ఉత్తరానికి పోయే కొద్దీ మొదటిది ఆలస్యమవుతుంది, రెండోది ముందుకు జరుగుతుంది. నిజామాబాద్‌లో మే 14 ప్రాంతంలో, మళ్లీ జులై 29 ప్రాంతంలో.

జులైలో బడి ఉంటుంది కానీ మబ్బులుంటాయి. మేలో బడికి సెలవులు, ఆకాశం మాత్రం ఖాళీ. మే 14న ఇంటి ముందు కర్ర పాతాలి, 12 గంటల 14 నిమిషాలకు చూడాలి, అంతకు ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు కూడా కొలవాలి అని రాసుకుంది. పక్కన బ్రాకెట్లో, మసక ఎంత వస్తుంది అని ఒక ప్రశ్న.